ముందు ఒక పన్ను, వెనక మూడు పళ్ళు

ఈ నెల నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్ప్రాకెట్లు, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రాలు మార్చడం గురించే. స్పోర్ట్ బైక్ చేతికొచ్చిన ఏడాదిలోపు చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా బండ్లు విప్పి బిగిస్తున్నాను. అందులో తొమ్మిదేళ్ళు ఒక చిన్న రేసింగ్ టీమ్‌లో చైన్లు, గేరింగ్ చూసుకునే పని నాదే. అప్పుడు చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టిన నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. దాన్ని పక్కన పెట్టుకునే ఈ జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, అది అర్థమైతే మిగతావి తేలిక.

ప్రశ్న: అక్కా, నాది యమహా ఆర్‌6. ముందు 16, వెనక 45 పళ్ళ స్ప్రాకెట్లు. సిటీ ట్రాఫిక్‌లో మొదటి గేర్‌లో కూడా క్లచ్ సగం పట్టుకునే నడపాల్సి వస్తోంది. కింది ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు తక్కువగా ఉన్నప్పుడు) బండి అసలు లాగదు. ఫ్రెండ్స్ అందరూ "ముందు ఒకటి తగ్గించు, వెనక రెండు పెంచు, పవర్ చూసుకో" అంటున్నారు. చేయించమంటారా? పవర్ ఎంత పెరుగుతుంది?

జవాబు: పవర్ రవ్వంత కూడా పెరగదు. ఇంజిన్ ఎంత ఇస్తుందో అంతే ఇస్తుంది. ఆ శక్తి ఏ స్పీడు దగ్గర చక్రానికి అందుతుందన్నది మాత్రమే స్ప్రాకెట్ మారుస్తుంది. మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

లెక్క చిన్నదే. వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగించండి. మీ బండికి 45ని 16తో భాగిస్తే 2.81 వస్తుంది. ముందు స్ప్రాకెట్ 2.81 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. ముందు 15 వేస్తే ఈ అంకె సరిగ్గా 3 అవుతుంది. ముందు 16 అలాగే ఉంచి వెనక 48 వేసినా సరిగ్గా 3 వస్తుంది. అంటే మీ బండి విషయంలో ముందు ఒక పన్ను తీసినా, వెనక మూడు పళ్ళు కలిపినా గేరింగ్ ఒక్కటే. రెండు పద్ధతుల్లోనూ అది 6.7 శాతం షార్ట్ అవుతుంది, అంటే అదే స్పీడుకి ఇంజిన్ అంత ఎక్కువ తిరుగుతుంది. మీ ఫ్రెండ్స్ చెప్పిన 15/47 (ముందు 15, వెనక 47) వేస్తే 3.13, అంటే 11.4 శాతం. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఒకేసారి అంత మార్పు నేను ఎప్పుడూ చేయలేదు.

ఈ 6.7 శాతం ఏం చేస్తుందో చూద్దాం. ఒకే గేర్‌లో, ఒకే ఆర్‌పీఎం దగ్గర చక్రం నేలను నెట్టే బలం అంత శాతం పెరుగుతుంది. థ్రాటిల్ తిప్పగానే చేతికి తెలుస్తుంది. పవర్ పెరిగిందని అందరూ అనుకునేది అందుకే. కానీ ఆ గేర్ ఇదివరకటి కన్నా ముందే అయిపోతుంది కూడా. మీ రెండో గేర్ 150 దగ్గర, ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగమైన రెడ్‌లైన్‌కి చేరుతుందని అనుకుందాం. 15 పళ్ళు వేశాక 140 దగ్గరే చేరుతుంది. 140 నుంచి 150 దాకా ఇదివరకు రెండో గేర్‌లో లాగిన బండి ఇప్పుడు మూడో గేర్‌లో లాగాలి. అక్కడ నెట్టే బలం ఇదివరకటి కన్నా తక్కువ. తర్వాత మళ్ళీ పెరుగుతుంది, మూడో గేర్ చివర మళ్ళీ తగ్గుతుంది. రేసింగ్ టీమ్‌లో ఉన్నప్పుడు స్టాప్‌వాచ్‌తో ఎన్నోసార్లు కొలిచి చూశాను. రైడర్ దిగగానే "ఇప్పుడు బండి బుల్లెట్‌లా ఉంది" అనేవాడు, వాచీలో మాత్రం అంత తేడా కనబడేది కాదు.

ఒక్క చోట మాత్రం లాభం పూర్తిగా మీదే. మొదటి గేర్ కింద ఇంకో గేర్ లేదు. నిల్చున్న చోటి నుంచి కదిలేటప్పుడు, ట్రాఫిక్‌లో నత్తనడక నడిచేటప్పుడు వచ్చే 6.7 శాతం బలాన్ని ఇంకే గేరూ వెనక్కి తీసుకోదు. మీ ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. 600 సీసీ స్పోర్ట్ బైక్‌లో మొదటి గేర్ ఒక్కటే గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. ట్రాక్ కోసం లెక్కేసిన గేర్ అది, గంటకు 15 కిలోమీటర్ల ట్రాఫిక్ కోసం లెక్కేసింది కాదు. కాబట్టి బండిలో ఏదో లోపం ఉందేమోనని టెన్షన్ పడకండి. క్లచ్ సగం పట్టుకునే సమయం తగ్గితే ప్లేట్ల అరుగుదల కూడా తగ్గుతుంది.

స్ప్రాకెట్ తెచ్చే ముందు ఒక పని చేయండి. చాలా స్పోర్ట్ బైకుల్లో ఐదో గేర్‌కీ ఆరో గేర్‌కీ మధ్య తేడా 7 నుంచి 12 శాతం ఉంటుంది. అంటే 15 పళ్ళు వేశాక మీ కొత్త ఆరో గేర్ ఇప్పటి ఐదో గేర్‌కి దగ్గరగా వస్తుంది. ఒక రోజంతా ఆరో గేర్ ముట్టకుండా హైవే మీద ఐదులోనే వెళ్ళి రండి. మీ మీటరు 110 దగ్గర 6,000 చూపిస్తుంటే 15/45తో అది 6,400 అవుతుంది, 15/47తో దాదాపు 6,700. రెండు గంటలు ఆ శబ్దం, చేతుల్లోకి వచ్చే ఆ వైబ్రేషన్ భరించగలరా లేదా అన్నది మీ ఒంటికే తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ ఇదే చెబుతాను. సగం మంది ఐదో గేర్‌లో తిరిగి వచ్చి, వద్దులే అక్కా అంటారు.

ఇక మీటరు సంగతి. స్పీడు సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉండే బండ్లలో, స్ప్రాకెట్ మారిందన్న సంగతి మీటరుకి తెలియదు. ఇదివరకు మీటరు 100 చూపించిన అసలు స్పీడుకే 15/45 వేశాక 107 దాకా చూపిస్తుంది. సెన్సర్ చక్రం దగ్గర ఉంటే ఏమీ మారదు. గేర్‌బాక్స్ సెన్సర్ ఉన్నవాళ్ళు గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. కిలోమీటర్ల లెక్క కూడా అంతే శాతం ఎక్కువ పడుతుంది. ఇదివరకు 1,000 పడిన దూరానికి 1,067 పడుతుంది. ఆ అంకెతో మైలేజ్ లెక్కేసుకుని "మైలేజ్ ఏం తగ్గలేదే" అని సంతోషపడతారు. మీటరు చూపిన దూరాన్ని 1.067తో భాగించాకే మైలేజ్ లెక్క చూడండి. దీన్ని సరిచేయడానికి సెన్సర్ వైరు మధ్యలో తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు దొరుకుతాయి. వాడాను, బాగానే పనిచేస్తాయి.

ఇప్పుడు నా మాట. ముందు 15 ఒక్కటే వేసి రెండు నెలలు తిరగండి. పని తక్కువ, చైన్ కోయక్కర్లేదు, నచ్చకపోతే పాతది తిరిగి బిగించుకోవచ్చు. కాకపోతే మీ చైన్ ఇంకా కొత్తగానే ఉండాలి, అదెందుకో కింద ఇంకో జవాబులో ఉంది. నచ్చితే మాత్రం తర్వాత చైన్ సెట్ మార్చేటప్పుడు ముందు 16కి తిరిగి వెళ్ళి, వెనక 48 వేయించండి. గేరింగ్ ఒక్కటే అయినప్పుడు మళ్ళీ ఈ తిప్పలెందుకంటారా? చైన్ కోసం. ముందు స్ప్రాకెట్ చిన్నదైన కొద్దీ ప్రతి లింకూ ఎక్కువ కోణంలో వంగాలి. 16 పళ్ళకి ఒక్కో లింకు 22.5 డిగ్రీలు తిరిగితే 15కి 24 డిగ్రీలు తిరుగుతుంది. వ్యాసం 5 మి.మీ. తగ్గుతుంది కాబట్టి అదే తిప్పే బలానికి, అంటే అదే టార్క్‌కి చైన్ మీద పడే లాగుడు కూడా 6.7 శాతం పెరుగుతుంది. అదీగాక చైన్ స్ప్రాకెట్ మీద గుండ్రంగా కాదు, పలకలు పలకలుగా తిరుగుతుంది. ఆ పలకల వల్ల చైన్ వేగంలో వచ్చే ఎగుడుదిగుడు 16 పళ్ళకి 1.9 శాతం, 15కి 2.2, 14కి 2.5. రోడ్డు బండికి ముందు ఒక పన్ను తగ్గించడం వరకు నాకు అభ్యంతరం లేదు. రెండు తగ్గిస్తామంటే ఒప్పుకోను.

నా మొదటి స్పోర్ట్ బైక్ 250 సీసీది. ముందు 14 ఉండేది, నేను ఏకంగా 12 వేశాను. ముందు స్ప్రాకెట్ అంత చిన్నదయ్యాక చైన్ పై వరుస కిందికి దిగి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ముందు భాగంలో ఉండే ప్లాస్టిక్ స్లైడర్‌ని ఒరుసుకుంటూ తిరిగింది. చైన్ దగ్గర ఏదో గీకుతున్న చప్పుడు వస్తే కొత్త స్ప్రాకెట్ చప్పుడే అనుకున్నాను. మూడు నెలలకి చక్రం విప్పి చూస్తే స్లైడర్ రెండు ముక్కలైంది, చైన్ స్వింగ్ ఆర్మ్ లోహంలోకి గాడి కోసింది. అందుకే మీరు ఒక్క పన్ను తగ్గించినా సరే, నెలకోసారి టార్చ్ వేసి ఆ స్లైడర్ చూడండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ముందు స్ప్రాకెట్ నేనే మార్చుకోవాలని ఉంది. టూల్స్ ఉన్నాయి. కవర్ విప్పాను కానీ పెద్ద నట్ కదలడం లేదు, పానా తిప్పితే వెనక చక్రం తిరుగుతోంది. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, చైన్ ఇంకా వదులు చేయలేదు కదా? చేయకు. ఆ నట్ విప్పేదాకా చైన్ బిగువుగానే ఉండాలి. ముందు నట్ కింద ఉన్న వాషర్ చూడు. దాని అంచు ఒక వైపు నట్ మీదికి మడిచి ఉంటుంది. ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తట్టి ఆ మడతని పూర్తిగా నిఠారు చేయి. తర్వాత ఒకరిని బండి మీద కూర్చోబెట్టి వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టమను. పొడుగు పిడి ఉన్న పానాతో ఒకే ఊపులో నెట్టు. గేర్‌లో వేసి ఇంజిన్ పట్టుకుంటుందిలే అని వదిలేయకు, ఆ దెబ్బ గేర్‌బాక్స్ పళ్ళకి తగులుతుంది. చక్రం ఊచల మధ్య రాడ్డు దూర్చడం కూడా చేయకు, రిమ్ పాడవుతుంది.

నట్ వదులయ్యాక అప్పుడు వెనక యాక్సిల్ విప్పి చక్రం ముందుకి జరుపు. చైన్ జారుతుంది, స్ప్రాకెట్ బయటికి వస్తుంది. పాతది ఏ వైపు బయటికి ఉందో ఫోటో తీసుకో. కొన్ని స్ప్రాకెట్లకి ఒక పక్క మెట్టు ఉంటుంది, తిరగేసి వేస్తే చైన్ వరుస తప్పుతుంది. కవర్ లోపల పేరుకున్న గ్రీజు ముద్దలన్నీ గోకి తీసేయి, మళ్ళీ ఎప్పుడు తెరుస్తావో తెలియదు. స్ప్రాకెట్ కూర్చునే షాఫ్ట్ గాడులు అరిగాయేమో వేలితో తడిమి చూడు. బిగించేటప్పుడు మళ్ళీ చైన్ బిగువు చేసి, బ్రేకు తొక్కించి, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో మీ మాన్యువల్‌లో రాసిన అంకెకి బిగించు. ఈ అంకె బండికీ బండికీ రెట్టింపు తేడా ఉంటుంది. కొన్నిటికి నట్ ఉంటుంది, కొన్నిటికి బోల్ట్. ఫ్రెండు బండి అంకె నీకు పనికిరాదు.

వాషర్ కొత్తది వేయి. ఇది చదివి వదిలేయకు. టీమ్‌లో నా మొదటి ఏడాది ఒక ప్రాక్టీస్ సెషన్‌లో స్ప్రాకెట్ గబగబా మార్చాల్సి వచ్చింది. కొత్త వాషర్ చేతికి అందలేదు. పాతదాన్నే చదును చేసి, ఇంకో పక్క మడిచి వేశాను. ఆ అంచు అప్పటికే రెండుసార్లు వంగి ఉంది. ఆరు ల్యాపుల తర్వాత రైడర్ చేయెత్తి లోపలికి వచ్చేశాడు, చైన్ దగ్గర ఏదో కొట్టుకుంటోందన్నాడు. కవర్ విప్పితే మడత విరిగి పడి ఉంది, నట్ మూడు చుట్లు వదులైపోయింది. ఇంకో రెండు ల్యాపులు తిరిగి ఉంటే చైన్ ఊడి వెనక చక్రం బిగుసుకునేది. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి కొత్త వాషర్ పక్కన పెట్టుకున్నాకే నట్ మీద పానా పెడతాను.

ప్రశ్న: మేడమ్, నాది కవాసాకీ నింజా 400. ఎక్కువగా లాంగ్ రైడ్స్‌కే వెళతాను. ఆరో గేర్‌లో ఇంకా ఒక గేర్ ఉంటే బాగుండు అనిపిస్తుంది. అందరూ ముందు పన్ను తగ్గిస్తుంటే నేను పెంచాలనుకుంటున్నాను. పెంచితే టాప్ స్పీడ్ కూడా పెరుగుతుందా?

జవాబు: మీ బండికి 14/41. ముందు 15 వేస్తే అంకె 2.93 నుంచి 2.73కి దిగుతుంది. అదే స్పీడులో ఇంజిన్ 6.7 శాతం నెమ్మదిగా తిరుగుతుంది, 7,000 ఉన్నచోట దాదాపు 6,530. చదునైన రోడ్డు మీద, గాలి లేనప్పుడు హాయిగా ఉంటుంది. ఎదురుగాలి వచ్చినా, సామాను కట్టుకుని ఎత్తు ఎక్కాల్సి వచ్చినా ఐదో గేర్‌కి దిగక తప్పదు. మీరు ఒంటరిగా తిరిగేవారైతే నాకు ఈ మార్పు ఇష్టమే. వెనక మనిషీ, రెండు బ్యాగులూ ఉంటే మాత్రం వద్దు. ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది.

టాప్ స్పీడ్ మాత్రం పెరగదు, చాలావరకు తగ్గుతుంది కూడా. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావలసిన పవర్ స్పీడు ఘనం లెక్కన (స్పీడు × స్పీడు × స్పీడు) పెరుగుతుంది. స్పీడు 10 శాతం పెరగాలంటే పవర్ దాదాపు 33 శాతం ఎక్కువ కావాలి. అది గేరింగ్ ఇవ్వలేదు. పైగా గేరింగ్ పొడవైతే ఇంజిన్ తన గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎం దాకా వెళ్ళలేక ముందే ఆగిపోతుంది. ఇందుకే కొన్ని చిన్న ఇంజిన్ బండ్లకి ముందు పన్ను తగ్గిస్తే టాప్ స్పీడ్ కొద్దిగా పెరుగుతుంది. వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే.

బిగించే ముందు రెండు విషయాలు చూడండి. 15 పళ్ళ స్ప్రాకెట్ అంచు పాతదాని కన్నా 2.5 మి.మీ. బయటికి వస్తుంది, కాబట్టి కవర్ బిగించాక చక్రం చేత్తో తిప్పి చైన్ ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోండి. రెండోది మీటరు. గేర్‌బాక్స్ సెన్సర్ ఉన్న బండి అయితే మీటరు అసలు స్పీడు కన్నా తక్కువ చూపించే ప్రమాదం ఉంది. ఎక్కువ చూపించడం కన్నా ఇది చాలా చెడ్డది. జీపీఎస్‌తో పోల్చి చూసుకున్నాకే హైవే ఎక్కండి.

ప్రశ్న: స్ప్రాకెట్లు మాత్రమే కొత్తవి వేసి పాత చైన్ వాడుకోవచ్చా? చైన్ 14,000 కిలోమీటర్లు తిరిగింది, చూడటానికి బాగానే ఉంది.

జవాబు: చూడటానికి కాదు, కొలవడానికి బాగుండాలి. 520, 525, 530 (ఈ నంబర్ల అర్థం కింద ఇంకో జవాబులో ఉంది), ఏ చైన్ అయినా పిన్ను నుంచి పిన్నుకి దూరం 15.875 మి.మీ. చైన్‌ని బిగువుగా లాగి 21 పిన్నుల మధ్య, అంటే 20 లింకుల పొడవు కొలవండి. కొత్త చైన్ అయితే 317.5 మి.మీ. రావాలి. కొన్ని కంపెనీల మాన్యువల్స్ 319.4 దాటితే మార్చమంటాయి, కొన్ని 323 దాకా ఒప్పుకుంటాయి. నేను 319 దాటిన చైన్‌ని కొత్త స్ప్రాకెట్ మీద వేయను. సాగిన చైన్ కొత్త పళ్ళని తన కొలతకి అరగదీస్తుంది. నాలుగైదు చోట్ల కొలవండి, చైన్ అంతా ఒకేలా సాగదు.

సీల్ ఉన్న చైన్ని పెట్రోలుతో కడిగే అలవాటు ఉంటే మానేయండి, లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి.

ఈ సందర్భంలో నాకు ఇష్టమైన ఒక చిన్న లెక్క. 112 లింకుల చైన్ 16 పళ్ళ స్ప్రాకెట్ మీద తిరిగితే 112ని 16 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఒక్కో పన్నుకి ఎప్పుడూ అవే ఏడు లింకులు ఎదురవుతాయి. 15 పళ్ళు అయితే ప్రతి పన్నూ తిరిగి తిరిగి అన్ని లింకులనీ కలుస్తుంది, అరుగుదల పంచుకుంటుంది. స్ప్రాకెట్ ఎంచుకునేటప్పుడు రెండు అంకెల మధ్య ఊగిసలాడుతుంటే నేను బేసి సంఖ్య వైపు మొగ్గుతాను.

ప్రశ్న: స్ప్రాకెట్ మార్చాక ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ దెబ్బతింటాయని ఒకరు భయపెట్టారు. నిజమా?

జవాబు: వెనక చక్రం జారకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్. ఆ రెండూ ముందు చక్రం వేగాన్ని వెనక చక్రం వేగంతో పోల్చి పనిచేస్తాయి. స్ప్రాకెట్ మార్చినా రెండు చక్రాలూ నేల మీద అదే వేగంతో తిరుగుతాయి కాబట్టి మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. టైరు సైజు మారిస్తే వస్తుంది. అయితే కొన్ని బండ్లలో ఏ గేర్‌లో ఉన్నామో చూపించే అంకెకి వేరే సెన్సర్ ఉండదు, ఇంజిన్ ఆర్‌పీఎంనీ చక్రం వేగాన్నీ పోల్చి కంప్యూటరే లెక్కేస్తుంది. అలాంటి బండిలో పెద్ద మార్పు చేస్తే ఆ అంకె తడబడవచ్చు.

ప్రశ్న: అక్కా, ట్రాక్ డేలకి వెళుతున్నాను. ఒక పొడుగాటి మలుపు మధ్యలో సరిగ్గా రెడ్‌లైన్ తగులుతోంది. అక్కడ గేర్ మార్చాలంటే భయంగా ఉంది. ముందు పన్ను మార్చాలా, వెనకా?

జవాబు: భయపడటం సరైనదే. వాలి ఉన్న బండి మీద గేర్ మార్చే పని పెట్టుకోకూడదు.

ట్రాక్ మీద ముందు స్ప్రాకెట్‌ని ముట్టకండి, వెనకదే మార్చండి. ముందు ఒక్క పన్నుకి 6 నుంచి 7 శాతం జరుగుతుంది, వెనక ఒక్క పన్నుకి రెండు శాతం పైచిలుకు మాత్రమే. మీకు కావలసింది ఆ చిన్న జరుపుడు. మా టీమ్ పెట్టెలో వెనక స్ప్రాకెట్లు ఐదారు ఉండేవి, ముందువి రెండే. మీ విషయంలో వెనక ఒక పన్ను తగ్గిస్తే రెడ్‌లైన్ రెండు శాతం దూరం జరుగుతుంది. చాలకపోతే ఇంకోటి తగ్గించండి. తర్వాత అతి పొడవైన స్ట్రెయిట్ చివర బ్రేకు పట్టే చోట ఏ గేర్‌లో ఎంత ఆర్‌పీఎం ఉందో రాసుకోండి. పై గేర్‌లో గరిష్ఠ పవర్ దగ్గరికి కూడా రాకపోతే గేరింగ్ మరీ పొడవైపోయినట్టు. మలుపు, స్ట్రెయిట్ రెండూ ఒకే పన్నుకి కుదరవు కొన్నిసార్లు. అప్పుడు నేను మలుపు వైపే ఉంటాను. ల్యాపులో రైడర్ ఎక్కువసేపు గడిపేది అక్కడే, బండి మీద నమ్మకం వచ్చేదీ అక్కడే.

ఇంకో సంగతి తప్పక రాయాలి. మొత్తం మీద ఒక పన్ను మారితే వెనక యాక్సిల్ దాదాపు 4 మి.మీ. జరుగుతుంది. పళ్ళు పెరిగితే ముందుకి, తగ్గితే వెనక్కి. వెనక మూడు పెంచితే 12 మి.మీ. పైగా ముందుకి వస్తుంది, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) అంత తగ్గుతుంది, బండి తొందరగా వంగుతుంది, ముందు చక్రం తొందరగా లేస్తుంది. చైన్ లాగే కోణం మారడంతో యాక్సిలరేట్ చేసేటప్పుడు వెనక సస్పెన్షన్ కుంగే తీరు కూడా మారుతుంది. బండి నడత మారిందని సస్పెన్షన్ స్క్రూలు తిప్పుతూ రోజంతా గడిపినవాళ్ళని చూశాను. మారింది యాక్సిల్ చోటు. యాక్సిల్‌ని పాత చోటుకి దగ్గరగా తేవాలంటే రెండు లింకులు కలపాలి లేదా తీయాలి. లింకులు జతలుగానే కలుస్తాయి, ఒక జత అంటే యాక్సిల్ 16 మి.మీ. జరుగుతుంది. పైన ఆర్‌6 పాఠకుడికి చెప్పిన 16/48కి రెండు లింకులు ఎక్కువున్న చైన్ వేస్తే యాక్సిల్ పాత చోటుకి మూడు మి.మీ. తేడాలో కూర్చుంటుంది.

ప్రశ్న: 525 చైన్ తీసి 520 వేస్తే తేలికవుతుందంటారు. ఆ నంబర్లకి అర్థం ఏమిటి? రోడ్డు బండికి మంచిదేనా?

జవాబు: మొదటి అంకె పిన్నుల మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 5 అంటే అంగుళంలో ఐదు బై ఎనిమిది. మిగతా రెండు అంకెలు లోపలి వెడల్పు, అదీ అదే లెక్కలో: 20 అంటే రెండు ఎనిమిదో వంతులు, 25 అంటే రెండున్నర, 30 అంటే మూడు. ఈ రోలర్ చైన్ రూపం 1880లో హాన్స్ రెనాల్డ్ కనిపెట్టింది. నూట నలభై ఏళ్ళు దాటినా మనం ఇంకా అదే వాడుతున్నాం, అదంటే నాకు చాలా గౌరవం.

520 వేస్తే తిరిగే బరువు తగ్గుతుంది, ట్రాక్ మీద ఆ తేడా విలువైనదే. దానితో పాటు అల్యూమినియం వెనక స్ప్రాకెట్ వేస్తే ఇంకా తేలిక. రోడ్డు మీద అల్యూమినియం తొందరగా అరుగుతుంది, వర్షం, మట్టి ఉంటే మరీను. రోడ్డు బండికి స్టీలే వేయండి. 520కి మారితే రెండు స్ప్రాకెట్లూ ఆ వెడల్పువే ఉండాలి. చైన్ మీ ఇంజిన్ బలానికి తగినదని తయారీదారు రాసి ఉండాలి. కలిపే లింకు రివిట్ చేసేదే తీసుకోండి, క్లిప్పు లింకు ఈ తరగతి బండ్లకి వద్దు.

ప్రశ్న: స్ప్రాకెట్ మార్చి చైన్ బిగించాక 50 కిలోమీటర్లకే చైన్ మళ్ళీ వదులైంది. మెకానిక్ మళ్ళీ బిగిస్తే ఇప్పుడు బండి నెట్టినప్పుడు ఒక చోట బిగుసుకుంటోంది. ఏది తప్పు?

జవాబు: కొత్త చైన్ మొదట్లో కొద్దిగా సర్దుకుంటుంది, అది మామూలే. రెండోసారి బిగించినప్పుడే ఎక్కువ బిగించి ఉంటారు. సైడ్ స్టాండ్ మీద, ఖాళీ బండికి బిగువు చూసి వదిలేస్తే ఇలాగే అవుతుంది. వెనక చక్రం పైకి లేచేకొద్దీ ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పిన్ను, వెనక యాక్సిల్ ఒక వరుసలోకి వస్తాయి. చైన్ అన్నిటికన్నా బిగువయ్యేది ఆ క్షణంలో. ఒకసారి బరువైన మనిషినో ఇద్దరినో కూర్చోబెట్టి ఆ మూడూ వరుసలోకి వచ్చేలా కుంగదీసి, అప్పుడు కూడా చైన్ వేలితో కొద్దిగా ఊగుతోందా చూడండి. ఊగకపోతే వదులు చేయండి. లేకపోతే గేర్‌బాక్స్ బయటి బేరింగ్ పోతుంది.

చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఎక్కడ బిగువుగా ఉందో సుద్దతో గుర్తు పెట్టండి. ఊగే కొలత ఎప్పుడూ ఆ బిగువు చోటే తీసుకోవాలి, మాన్యువల్ అంకెకి సరిపెట్టాలి. బిగువు చోటుకీ వదులు చోటుకీ మధ్య తేడా ఒక సెంటీమీటరు దాటితే, వెనక స్ప్రాకెట్ హబ్ మీద సరిగ్గా కూర్చుందో లేదో ముందు చూడండి. నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించి మళ్ళీ తిప్పి చూడండి. అప్పటికీ పోకపోతే చైన్‌లో ఏదో లింకు పట్టేసింది. దాన్ని చేత్తో వంచి చూస్తే దొరుకుతుంది, ఆ చైన్‌తో మాత్రం తిరగకండి.